పడవ పిల్ల ఎటు పోయింది

ఇదిగో, ఇప్పుడు మీసం ఊడుతుంది. యువరాజు పావురాన్ని ఎగరేసి వెనక్కి తిరుగుతాడు, ఎడమ కొస లేస్తుంది, వేలితో ఒత్తుకుంటాడు, ఒత్తుకున్నాడు, పోయినసారీ ఇంతే, ఇన్నేళ్లయినా ఆ మీసానికి బుద్ధి రాలేదు, సినిమాకేముంది, ఒకసారి తీసింది తీసినట్టే పడి ఉంటుంది, మారితే చూసేవాళ్లే మారాలి, నేను మారలేదు, మారే ఉద్దేశమూ లేదు, ఆ దిక్కుమాలిన సినిమాను టికెట్టు కొని రెండోసారి చూసేదాన్ని కాదని నాయినకు ఇంట్లోనే చెప్పాను, ఆయన వింటేనా. శనివారం మ్యాట్నీ. ఎండకు పైన రేకులు టపటపమంటున్నాయి, మేకులు ఊడిన రంధ్రాల్లోంచి వెలుగు చుక్కలు పడి యువరాజు ముఖమంతా మశూచి వచ్చినట్టు కనిపిస్తోంది, బెంచీ నిండా నల్లులు, కాళ్ల కింద పల్లికాయ పొట్టు, ఎడమ పక్కన మా వాడ ఆగమ్మ, ఆమె సినిమా చూడదు, సినిమాతో మాట్లాడుతుంది, కుడి పక్కన ఆమె. ఆమె అంటే రాహేలు. రేపు ఉదయం మా క్రైస్తవుల గుడిలో పెళ్లి ప్రకటన మూడోసారి, చివరిసారి, చదివాక ఎవరూ లేచి అడ్డు చెప్పకపోతే మా నాయినకు పెళ్లాం కాబోయే మనిషి. మా ఇద్దరినీ ఇలా పక్కపక్కన కూలేసి ఆయన మాత్రం నడుమెత్తు గోడ అవతల, మగవాళ్ల వైపు, కాలు మీద కాలేసుకుని హాయిగా కూర్చున్నాడు, వెనక నుంచి తల కనిపిస్తోంది, అరవై దాటిన తల, మిషన్ దవాఖాన బండి ముసలితనం వచ్చేదాకా నడిపిన తల, తెల్లగా నెరిసిన పెళ్లికొడుకు తల.

ఇద్దరు కలిసి ఒక సినిమా చూస్తే అలవాటైతరు, అన్నాడు పొద్దున. అలవాటు కావడానికి ఇది చెప్పులా. పోనీ చూపించేదేదో మంచిది చూపించవచ్చు కదా, దీనికి ముందొచ్చిన అసలు పగడాల దుర్గం చూపించినా నోరు మూసుకుని చూసేదాన్ని. అది సినిమా. అది వచ్చినప్పుడు ఖిల్లా కింద మైదానంలో డేరా వేసి ఆడించారు, కౌడిపల్లి నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు జనం, సినిమా పాపమని ప్రార్థన కూటాల్లో సాక్ష్యం చెప్పిన మా మిషన్ కాంపౌండు ఆడవాళ్లు కూడా కొంగు నెత్తి మీదికి లాక్కుని వచ్చారు. కథ మొదలయ్యేసరికే రాజు చనిపోయి ఉంటాడు, దర్బారులో ఆయన రాతి విగ్రహం ఉంటుంది, ఎవరు ఒట్టు వేసినా దాని పాదాలు తాకే వేస్తారు, కళ్లు పోయిన రాజమాత చెరలో ఏళ్లకేళ్లు ఒక్క మాట తూలకుండా కూర్చుని, చివరికి మెట్లు దిగే అడుగుల చప్పుడు విని వీడు నా కొడుకే అంటుంది. అక్కడ ఏడవని మనిషి మెదక్‌లో లేడు. నేను అప్పటికే బోర్డింగులో మేట్రన్‌ని, ఆడపిల్లలు అన్నం దగ్గర గొడవ చేస్తే రాజమాతను తలచుకోండే, ఎంత ఓర్పు, అనేదాన్ని. అంత మంచి కథను అంతటితో వదిలేయాలి కదా. వదలరు. ఆ కంపెనీవాళ్లు రెండేళ్లకు పూర్వకథ అని ఇంకోటి, ఇప్పుడు చూస్తున్న ఇదే, తీశారు, అయిపోయిన కథకు ముందు జరిగింది తర్వాత చెప్పడమన్నమాట. మళ్లీ అక్కడే డేరా వేసి, రాజమాత మళ్లొచ్చింది రాండ్రి చూడుండ్రి అని డప్పు కొట్టించారు, ఈ ఆగమ్మే, నమ్మి, హారతి ఇద్దామని కొబ్బరికాయ, కర్పూరం కొంగున కట్టుకుని వచ్చింది, రాజమాత రాదు, ఎంతకీ రాదు, ఇంటర్వెల్ దాకా పడుచు రాజు కముజు పిట్టల పందేలూ పావురాలూ తప్ప ఏమీ లేవు, విసుగొచ్చి కొబ్బరికాయ బెంచీ కోడుకు కొట్టి అందరికీ ముక్కలు పంచింది. ఆ సినిమాలో నాకు నచ్చింది ఆ కొబ్బరిముక్క ఒక్కటే.

కోపం రాదా మరి. ఎవరి పాదాలు తాకి ఒట్టు వేస్తారో ఆ రాజు పిట్టల పందేలాడే సోమరి, ఏరు దాటించే పడవ పిల్లను చూసి మనసు పారేసుకుంటాడు, పెళ్లి చేసుకుంటానంటాడు, ఒకరోజు తెల్లారగట్ల ఆ పిల్ల అతణ్ని ఇవతలి ఒడ్డున దింపి పడవ తోసుకుంటూ వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. ఎందుకు వెళ్లిందో చెప్పరు. చెప్పాలా వద్దా? మూడు గంటలు కూర్చోబెట్టినవాడు ఒక్క కారణం చెప్పలేడా? తర్వాత ఆ రాజు అన్నం మానేసి మూతి ముడుచుకుని కూర్చుంటాడు, ఆ మూతితోనే ఇంకో రాజ్యం పిల్లను పెళ్లి చేసుకుంటాడు, ఆ పిల్లే మా రాజమాత, కళ్లు బాగా ఉన్న రాజమాత, నోరు అంతకంటే బాగా ఉన్న రాజమాత. మా రాజమాత ఎవరో వదిలేసిన మనిషికి రెండో ఎంపికా? ఊరు ఊరంతా ఛీ అన్నది. నేను బోర్డింగు పిల్లలకు ఆ సినిమా పేరు ఎత్తవద్దని చెప్పాను.

రీలు అయిపోయింది. ఈ టాకీసులో ఒక్కటే మిషను, రీలు రీలుకూ లైట్లు వేస్తారు, గేటు దగ్గరి ఎల్లం సోడా, సోడా అని అరుస్తూ బెంచీల మధ్య తిరుగుతాడు. ఆమె ఒళ్లో గుడ్డసంచీ పెట్టుకుని, అందులోంచి ఉప్పు కారం అద్దిన జామకాయ ముక్క తీసి నా చేతిలో పెట్టింది. వద్దంటే బాగుండేది. తీసుకున్నాను.

“గీ రాజు మంచోడేనా బిడ్డా?” అని అడిగింది.

“తర్వాత మంచోడైతడు,” అన్నాను.

“తర్వాతంటె, ఇంటర్వెల్ అయినంకనా?”

“కాదండి. ముందు సినిమాల.”

“ముందు సినిమాల తర్వాత మంచోడైతడా?”

ఎలా చెప్పాలి ఈ మనిషికి. ఆమె అసలు సినిమా చూడనే లేదట, ఆ ఏడు రామాయంపేటలో మంచం మీద ఉన్న భర్తకు చాకిరీ చేస్తోందట, రాజమాత ఎవరో ఆమెకు తెలియదు, విగ్రహం తెలియదు, చెర తెలియదు, ఆమెకు ఇదే మొదటి కథ. “ముందుది ముందు చూస్తున్న, నయమే గద,” అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆగమ్మ వంగి ఆమెను ఎగాదిగా చూసి, “రామాయంపేటల సిన్మాలే రావా అక్కా?” అన్నది. “వస్తయి. నాకే తీరలె,” అన్నది ఆమె. లైట్లు ఆరిపోయాయి, నోట్లో జామకాయ, ఉమ్మేయలేను మింగలేను.

ఆమెను ఏమని పిలవాలో కూడా తెలియదు నాకు. అమ్మ తర్వాత వస్తోంది కాబట్టి చిన్నమ్మ అనాలి. అమ్మకంటే ముందు వచ్చింది కాబట్టి పెద్దమ్మ అనాలి. ముందు వచ్చి వెళ్లింది కదా, అదే అసలు రోత. మా నాయినమ్మ బతికున్నన్నాళ్లూ చెప్పిన కథ అది, నాయినకూ ఈమెకూ ప్రధానం అయింది, గుడిలో జయానందం రాహేలు అని రెండు ఆదివారాలు పేర్లు చదివారు, మూడో ఆదివారం పిల్ల గుడికే రాలేదు. మా వాళ్ల అలవాటు ఏమిటంటే మూడో ప్రకటన నాడు ఇద్దరూ గుడిలో ఉండాలి, పేర్లు చదవగానే ఇద్దరూ లేచి నిలబడాలి, పాదిరి అయ్యగారు పెళ్లికి అడ్డంకి ఎవరికైనా తెలుసా అని సభను అడుగుతారు, ఎవరూ లేవకపోతే అయిపోయినట్టే. ఆ నాడు మా నాయిన ఒక్కడే లేచి నిలబడ్డాడట, ఆడవాళ్ల బెంచీల వైపు చూస్తూ, అయ్యగారు కళ్లజోడు తీసి కూర్చో నాయనా అనేదాకా నిలబడే ఉన్నాడట. అది మాట మీద నిలువని మనిషి, దాని పేరు నా ఇంట్ల తియ్యొద్దు, అనేది నాయినమ్మ, రోజుకోసారి తానే తీసేది. ఆ ఏడే నాయినకు మా అమ్మతో పెళ్లయింది. నవోమి. ఆ పేరు చాలదా ఆయనకు? అమ్మ పోయి ఐదేళ్లయింది, ఇల్లు నేనే నడుపుతున్నాను, ఆయన మందులు నేను, ఆయన పులుసు నేను, ఏం లోటు చేశాను? చేటలో బియ్యం ఏరుతుంటే వచ్చి చెప్పాడు, కరెంటు పోయిందన్నట్టు. అయ్యగారికి పేర్లిచ్చొచ్చిన. ఎవలి పేర్లు నాయినా? నాది, రాహేలుది. నేను రాళ్లు బియ్యంలో వేసి బియ్యం పారేశాను.

మొదటి ఆదివారం అయ్యగారు చదివారు, భార్య గతించిన జయానందం, భర్త గతించిన రాహేలు, వీరిని జతపరచకూడదనుటకు న్యాయమైన అడ్డంకి ఎరిగినవారు ఎవరైనను ఉన్న యెడల, అని చదువుతూ కళ్లజోడు పైనుంచి నన్నే చూశారు. సభంతా నన్నే చూసింది. నేను నేలను చూశాను. రెండో ఆదివారం ముందు బెంచీ వీపును పట్టుకున్నాను, లేద్దామనే పట్టుకున్నాను, లేవలేదు. రేపు లేస్తాను. వారం రోజులుగా గిన్నెలు తోముతూ, పిల్లల హాజరు పిలుస్తూ మాట కూర్చుకుంటున్నాను. అయ్యా, నాకు అభ్యంతరమున్నది. అంతవరకు బాగానే వస్తుంది, తర్వాత మాట రాదు. ఏమని చెప్పాలి? ఇద్దరూ తోడు పోయినవాళ్లే, చట్టానికి అడ్డంకి లేదు, వాక్యానికి అడ్డంకి లేదు. మా అమ్మ ఫోటో ముందు గది గోడకు ఉన్నదయ్యా, అనాలా? అయినా కారణం ఎవరికి కావాలి, కూతురు లేచి నిలబడితే చాలు, నాయిన తల ఎత్తలేడు, పెళ్లి ఆగిపోతుంది. అది నాకు తెలుసు. ఆయనకు తెలియదు, లేకపోతే టికెట్లు కొనేవాడా.

తెర మీద పెళ్లయిపోయింది. రాజు పట్టె మంచం మీద మూతి ముడుచుకుని కూర్చున్నాడు. కొత్త రాణి ముసుగు తానే తీసేసుకుని గది నాలుగు వైపులా చూసి, గాలి ఆడటం లేదు మహారాజా, ఆ కిటికీ గడియ తీయండి, అంటుంది. రాజు దాసిని పిలవమంటాడు. దాసి నన్ను పెళ్లి చేసుకోలేదు కదా మహారాజా, అంటుంది. ఆనాడు డేరాలో ఈ మాటకే గోల మొదలైంది, రాజమాత నోట ఇదేం మాటని మగవాళ్లు ఈలలు వేశారు, ఎవరో పల్లికాయ పొట్టు తెర మీదికి విసిరారు. రాజు లేచి గడియ పట్టుకుని లాగుతాడు, వానకు ఉబ్బిన గడియ, రాదు, గట్టిగా లాగి వెల్లకిలా పడతాడు, కిరీటం మంచం కిందికి దొర్లుతుంది. రాణి నడుముకు కొంగు చుట్టి, గోడకు కాలు తన్నిపెట్టి తానూ లాగుతుంది. నా కుడి పక్కన రాహేలు కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు వినగానే నాకు డేరా మొత్తం గుర్తుకొచ్చింది, ఎందుకంటే ఆనాడు అంత గోలలో నా పక్కన ఒక్క మనిషి నవ్వింది, కొంగు నోట్లో కుక్కుకుని భుజాలు ఎగిరేలా, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వింది, మా అమ్మ.

అవును, అమ్మ నాతో వచ్చింది ఆ రోజు. అమ్మా నవ్వకు, అందరు చూస్తుండ్రు, అన్నాను. చూస్తె చూడనియ్యి, అన్నది. నా చెవి దగ్గర వంగి, అచ్చం మీ నాయినే, పెండ్లయిన కొత్తల గిట్లనే మూతి ముడుచుకొని రామాయంపేట తొవ్వ దిక్కు చూసుకుంట కూసునెటోడు, అన్నది. నేను వినలేదు. విన్నాను, చెవిలో వేసుకోలేదు, ఊరితో కలిసి కోపం తెచ్చుకునే పనిలో ఉన్నాను. ఒకనాడు నేనే చెప్పిన, అన్నది, అమ్మ గొంతు ఇప్పుడు ఎంత స్పష్టంగా వస్తోందో, తొవ్వ చూసుడయితె పొయ్యిలకు కట్టెలు కొట్టుమని చెప్పిన, అప్పటిసంది మనిషయిండు. మళ్లీ నవ్వు. ఎంత నోరు మా అమ్మది! నాయిన బండి వేసుకుని రేగోడ్ వైపు వెళ్లి ఆలస్యంగా వస్తే గరిటె చేతిలో పట్టుకుని గడపలోనే నిలబడేది, అయ్యగారి నడక నడిచి చూపించి పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేది, నా మీద కోపమొస్తే కట్టెల మోపు మీద కూర్చుని ఇంటి పేరు నుంచి మొదలుపెట్టేది. ఇదంతా ఎక్కడికి పోయింది? ఐదేళ్లలో నేను ఒక్కసారైనా ఆ నవ్వు తలచుకున్నానా? అడిగినవాళ్లకు మా అమ్మ ఎంత ఓర్పు గల మనిషో చెప్పాను. అమ్మకు ఓర్పా! అమ్మకు పాలు పొంగేదాకా కూడా ఓర్పు ఉండేది కాదు. నేనే ఆమెకు కళ్లు మూసి, నోరు కుట్టి, రాజమాతను చేసి గోడకు తగిలించాను. ఆ తెల్లటి ఫోటో తరఫున రేపు లేద్దామనుకుంటున్నాను. అమ్మే ఉంటే నా జడ పట్టుకుని కూర్చోబెట్టేది.

సినిమా ఇప్పటికీ మంచిది కాదు, ఆ మాట నేను వెనక్కి తీసుకోను. కత్తియుద్ధం చూడు, రెండు కట్టెపుల్లలు కొట్టుకున్నట్టు, ఆ పులి ఒంటి మీద కుట్లు కనిపిస్తున్నాయి, విదూషకుడు అయిదోసారి బావిలో పడ్డాడు, ఇంకా ఎన్నిసార్లు పడతాడో. కానీ ఈ గడియ దగ్గరి పిల్ల అబద్ధం కాదు. ఈ పిల్లే ముసలిదై, చూపు పోయి, చెరలో కూర్చుని కొడుకు అడుగులు విన్నదని ఇప్పుడు అనుకుంటే, ఆ ముసలామె మీద నాకు ఇంతకుముందు లేని ప్రేమ కలుగుతోంది. అప్పుడు ఆమెకు మొక్కాను, అంతే. మొక్కిన మనిషి నవ్వితే కోపమొచ్చింది, ఇది మా మనిషి కాదని కోపం. అసలు నా కోపమంతా ఏమిటి? ఆ కథలో నేను లేను. అమ్మ గరిటె పట్టకముందు, నేను పుట్టకముందు, మా నాయిన ఒక పిల్లకోసం నిండు గుడిలో ఒంటరిగా నిలబడ్డాడు, అప్పుడు ఆయనకు నా పేరు కూడా తెలియదు, అప్పటికీ ఆయనకు బతుకుంది, ఆ బతుకు నన్ను అడగకుండా జరిగిపోయింది. అది నాకు గిట్టలేదు. ఎంత చిన్నపిల్ల బుద్ధి! ముప్పై ఎనిమిదేళ్ల మేట్రన్‌ని, చీపురు కట్టతో నా మొహం నేనే కొట్టుకోవాలి.

ఇంకో మాట కూడా అన్నది అమ్మ. డేరా నుంచి ఇంటికి నడిచి వస్తుంటే, నేను ఇంకా కంపెనీవాళ్లను తిడుతూనే ఉన్నాను, అమ్మ ఊరికే నడుస్తోంది, కొంచెం దూరం వచ్చాక, అంత బాగనే ఉన్నది గని ఎలిశిబా, గా పడవ పిల్ల ఎటు పాయెనో చూపెట్టలె, అన్నది. సిన్మాల ఉన్న మనిషి గురించి నీకెందుకమ్మా, అన్నాను నేను. పాపం, ఏడ బతుకుతుందో, తిన్నదో లేదో, ఒక్కసారన్న చూపెట్టాలె గద, అన్నది. డేరాలో అంతమంది ఉన్నారు, రాజు పరువు గురించి అడిగారు, రాజమాత మర్యాద గురించి అడిగారు, ఆ పిల్ల గురించి అడిగింది మా అమ్మ ఒక్కతే. ఆమె అడిగింది సినిమా గురించి కాదని ఇప్పుడు తెలుస్తోంది. ఆ పిల్ల రామాయంపేట పోయింది అమ్మా. కుట్టుమిషను తొక్కి రవికెలు కుట్టింది, దగ్గే భర్తను ఏళ్ల తరబడి చూసుకుంది, ఆయన పోయాక ఒక్కతే ఉన్నది, ఇప్పుడు నా పక్కన కూర్చుని జామకాయ ముక్కలు పెడుతోంది. ఎందుకు పోయిందో మాత్రం నాకూ తెలియదు.

శుభం పడింది, జనం తోసుకుంటూ లేచారు, ఆగమ్మ తెరను చివరిసారి తిట్టి వెళ్లిపోయింది. బయట ఎండ కళ్లలో కొట్టింది. నాయిన మమ్మల్ని చూసి చెయ్యి ఊపి, సోడాలు తెస్త, ఉండుండ్రి అని బండి వైపు వెళ్లాడు. ఆమె సంచీ రెండు చేతులా పట్టుకుని బస్టాండు వైపు చూసింది. తర్వాత నన్ను చూసింది.

“రేపు నువ్వు లేస్తవా బిడ్డా?”

“ఎవలు చెప్పిండ్రు?”

“ఎవలో ఏందిగని. లేస్తనంటె ఇప్పుడే చెప్పు. నేను సాయంత్రం బస్సుకు పోత, రేపు రాను. నువ్వు లేసే పనుండది. నీ నోటికెల్లి గా మాట ఆయన వినొద్దు.”

“మీరు రాకుంటె, మళ్ల మాట తప్పిందంటరు మిమ్ములనే.”

“అంటరు. అప్పుడు గూడ అన్నరు.” ఆమె బండి దగ్గర బేరమాడుతున్న నాయిన వీపు వైపు చూసింది. “గా దినం మీ నాయినమ్మ లేస్తనన్నది. శనివారం నాడు మా ఇంటికొచ్చి చెప్పి పోయింది. బాప్తిస్మం తీసుకోకముందు మీ కులమేందో మా కులమేందో నిండు గుడిల చెప్త, అన్నది. అయ్యగారు గా మాట ఒప్పుకోకపోతుండె. అయినా మీ నాయిన వింటుండె గద. కన్నతల్లి నోట వింటుండె. అందుకే ఇంటికాడ ఉన్న.”

“నాయినకు తెలుసా?”

“తెల్వది. ఎందుకు తెల్వాలె? ఆయనకు తల్లి గద.”

నలభై ఏళ్లు. బతికున్నన్నాళ్లూ మా నాయినమ్మ ఆ మనిషిని మా ఇంట్లో కూర్చుని మాట తప్పిన మనిషి అన్నది, ఈమె అక్కడ మిషను తొక్కుతూ నోరు మెదపలేదు, మా నాయినకు తన తల్లి మంచిదిగానే ఉండాలని. రెండో ఆదివారం నేను పట్టుకున్న బెంచీ వీపును ఆ నాడు నాయినమ్మే పట్టుకుని ఉంటుంది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి, దాని వెనకే పట్టరాని చిరాకు, నా మీద, నాయినమ్మ మీద, ఇంత పెద్ద మాటను జామకాయ ముక్కలా చేతిలో పెట్టే ఈ మనిషి మీద. ఆమె చేతిలోంచి సంచీ లాక్కున్నాను. ఆమె బెదిరిపోయింది.

నాయిన మూడు గోలీసోడాలు వేళ్ల మధ్య ఇరికించుకుని వచ్చాడు, ఏమీ తెలియని ముఖంతో. “ఎట్లున్నది సిన్మా?”

“నాయినా, నువ్వు ఇయ్యాల గాబ్రియేలు మామ ఇంట్ల పండుకో.”

“నేనా? ఎందుకే?”

“ఈమె బస్సుకు పోదు. మనింట్ల ఉంటది, పొద్దుగాల నాతోటి గుడికొస్తది, నా పక్కన కూసుంటది.”

“ఉండనియ్యి, మంచిదే. మరి నా ఇంట్ల నేనుంటె ఏమైతది?”

“పెండ్లి కాకముందు ఇద్దరు ఒక్క ఇంట్ల ఉంటరా? ఉన్నరంటె రేపు లేచి అడ్డంకి చెప్పేది నేనే. ముందుగాలనే చెప్తున్న.”

రాహేలు ముఖం అటు తిప్పుకుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో నాకు కనిపించలేదు. నాయిన సోడాలు పట్టుకుని ఆమెను చూశాడు, నన్ను చూశాడు. చిన్న గొంతుతో అడిగాడు.

“మరి నా తెల్ల అంగి ఇంట్లనే ఉన్నది గదనే?”

“నేను తెస్త,” అన్నాను. “ఇస్త్రీ చేసి తెస్త. ఇద్దరు లేచి నిలవడితె ఊరంత చూస్తది.”